బాగుంది, ఇంకా బాగుండొచ్చు

తమ్ముడి సంచిలో రెండు చొక్కాలు, కళ్ళజోడు, నెట్ ఎత్తు కొలిచే గేజి సర్దాను. మూడు రోజుల శిక్షణకు గేజి ఎందుకంటే, "ఉండనీ అక్కా, ధైర్యంగా ఉంటుంది" అన్నాడు. తువ్వాలు పెట్టానో లేదోనని మూడుసార్లు విప్పి చూశాను. ఎప్పుడొస్తావంటే శుక్రవారం సాయంత్రమన్నాడు.

ఈ శిక్షణ ఒక మహత్తర సంస్కరణలో భాగం. టేబుల్ టెన్నిస్‌లో అంపైర్ "ఫాల్ట్" అనడం వల్ల ఆటగాళ్ళ మనసు నొచ్చుకుంటోందని క్రీడల మంత్రిగారు కనిపెట్టారు. ఇన్నేళ్ళుగా ఎవరికీ తట్టని విషయం, కొడుకు బ్యాటు పట్టిన నెలలోనే ఆయనకు తట్టింది. ఇకమీదట సర్వీసు తప్పయితే అంపైర్ చిరునవ్వుతో "బాగుంది, ఇంకా బాగుండొచ్చు" అనాలని సర్క్యులర్ వచ్చింది.

విదేశం వెళ్ళే జట్టులో మిగిలింది ఒక్క చోటు. దానికి మంత్రిగారబ్బాయి, దర్జీ కొడుకు తలపడ్డారు. అంపైర్ మా తమ్ముడు. నేను మొదటి వరసలో కూర్చున్నాను. అబ్బాయిగారు బంతిని పైకి విసరరు. మోచేతి చాటున దాచి, అరచేతిలోంచే కొడతారు.

"బాగుంది, ఇంకా బాగుండొచ్చు," అన్నాడు తమ్ముడు.

"థాంక్స్ అంకుల్."

"మెచ్చుకోలు కాదు బాబూ. బంతి జానెడు పైకి లేవాలి."

"ఎవరి జాన అంకుల్?"

స్కోరు రాసే గుమాస్తా లేచాడు. "సార్, బాగుందన్నారంటే పాయింటు బాబుకే కదా?"

"కాదయ్యా, ఎదుటివాడికి."

"సర్క్యులర్‌లో అలా లేదండి," అని బాబుకే వేశాడు.

అలా తొమ్మిది పాయింట్లు బాగున్నాయి. దర్జీ కొడుకు బ్యాటు బల్లమీద పెట్టి, "నేనేం తప్పు చేశాను సార్?" అన్నాడు.

పదోసారి తమ్ముడు చెయ్యెత్తి "ఫాల్ట్" అన్నాడు.

మంత్రిగారు కోప్పడలేదు. అదీ ఆయన సంస్కారం. ఆ పాయింటును విచారణకు పంపి, చోటు కొడుక్కిచ్చి, తమ్ముడి భుజం తట్టారు. "మీకు కమ్యూనికేషన్ కాస్త తక్కువైంది. మూడు రోజుల్లో మావాళ్ళు నేర్పుతారు."

అందుకే ఆ సంచి.

శనివారం ఫోన్ చేశాను. "ఆ మాట ఇంకా మరిచిపోలేదమ్మా. నిద్రలో కూడా అంటున్నారు," అన్నాడు శిక్షణాధికారి, ఎంతో మర్యాదగా. పదోరోజు మళ్ళీ చేసి, ఎలా ఉన్నాడు నాయనా అని అడిగాను.

"బాగుంది, ఇంకా బాగుండొచ్చు."

ఇరవయ్యోరోజు సంచి వచ్చింది. చొక్కాలు ఇస్త్రీ చేసి ఉన్నాయి. ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడని మంత్రిగారి సంతకంతో సర్టిఫికెట్ ఉంది. గేజి లేదు.

మంత్రిగారబ్బాయి జట్టుతో విదేశం వెళ్ళి, మొదటి ఆటలోనే ఓడి తిరిగొచ్చాడు. మా తమ్ముడు రాలేదు. వెళ్ళింది మార్చి పన్నెండు, మంగళవారం, పొద్దున ఆరున్నర బస్సుకు.