ఛాయిస్‌లో వదిలేసిన అయిదో యూనిట్

పెళ్లి చేసుకోబోయే ప్రతివాడూ కాలేజీలో ఒక్క ఏడాదైనా తత్వశాస్త్రం చదివి తీరాలి! నవ్వకండి. పెళ్లయి నలభై రెండు రోజులైన అనుభవంతో చెబుతున్నాను.

ఆ చదువే లేకపోతే నేనెంత మామూలు మొగుణ్ణయ్యేవాణ్ణి! "పాలు చూడండీ" అని మా ఆవిడ కేకేస్తే పరుగెత్తి స్టవ్ ఆర్పేసేవాణ్ణి. ఇప్పుడో? నిలబడి చూస్తాను. కంటికి కనిపించేదంతా నిజమేనా అని సందేహిస్తాను. ఈలోగా నిజం గట్టు మీదికి పొంగి, అక్కణ్ణుంచి నా పాదాల మీదికి దిగుతుంది. జ్ఞానం ఇంత వేడివేడిగా ఇంకెవరికైనా అందిందా?

తలుపుకి తాళం వేశామని మనకెలా తెలుసు? ఈ ప్రశ్న వేసి మా ఆవిణ్ణి వీధి చివరి నుంచి మూడుసార్లు వెనక్కి తీసుకొచ్చాను. మూడుసార్లూ చెయ్యి పట్టుకునే నడిచాం. ఏ కామర్స్ డిగ్రీ ఇస్తుందండీ ఇంత లాభం?

మా ఆవిడ టైలరు. షాపు పని అయ్యాక వారం రోజులు కూర్చుని నాకో నీలం చొక్కా కుట్టింది. ఆదివారం నాకు తొడిగి, తన మెడలో టేపు తీయకుండానే "ఎలా ఉందండీ?" అంది.

మామూలు మొగుడైతే "బాగుంది" అని తేల్చేసేవాడు. నేను గొంతు సవరించుకున్నాను. "బాగుండటమనేది చొక్కాలో ఉందా, చూసే కంట్లో ఉందా? ముందది తేలాలి."

"కాలరు బిగిసిందా, బుర్ర బిగిసిందా? విప్పండి!"

చొక్కా బీరువాలోకి వెళ్లిపోయింది. రెండు రోజులు మా ఇంట్లో కుట్టుమిషను తప్ప ఎవరూ మాట్లాడలేదు.

మూడో రోజు అటక మీంచి పాత పాఠ్యపుస్తకం దించాను, బతిమాలే దారేదైనా ఉంటుందేమోనని. నాలుగు యూనిట్లు నలిగి నల్లబడ్డాయి. అన్నీ సందేహాలే! అయిదోది 'తోటి మనిషితో మెలగడం.' పేజీలు ఫెళఫెళలాడుతున్నాయి. అయిదింట్లో నాలుగు రాస్తే చాలన్నారని ఛాయిస్‌లో వదిలేశాను. దానికి ఫస్ట్ క్లాసు కూడా ఇచ్చారు మహానుభావులు!

వెనక నుంచి తొంగిచూసిన మా ఆవిడ అంది: "అక్కడ వదిలేశారు సరే. ఇక్కడ మాత్రం ఛాయిస్ లేదు మాస్టారూ."

"తప్పయిపోయింది. చొక్కా ఇస్తావా?"

"అది ఉందని మీకెలా తెలుసు?" అంటూనే బీరువా తీసింది.

కాబట్టి కాలేజీల పెద్దలారా, అయిదో యూనిట్‌ని కంపల్సరీ చేయండి. ఈ విన్నపం ఆ నీలం చొక్కా తొడుక్కునే రాస్తున్నాను. బ్రహ్మాండంగా ఉంది.

చంకల దగ్గర రవ్వంత బిగుతు. ఆ సత్యంతో ప్రపంచానికి ఇప్పుడేం తొందర?