మేడ మీది ప్రిన్సిపాల్ గారు

ఆ ఉదయం చిత్రకారుడు పెట్టుకున్నది చాలా చిన్న పని. రిటైరైన ప్రిన్సిపాల్ గారి బొమ్మలో గడ్డం కింద నీడ కాస్త సరిచేశాడు. దాన్ని మేడ మీద గాలికి ఆరనిచ్చి, మధ్యాహ్నం ఆవిడ వచ్చి చూశాక కాలేజీకి పంపాలి. అక్కడ హాల్లో పెడతారట. ఇన్నేళ్ళకు తన బొమ్మ నలుగురి కంటా పడబోతోంది.

మనిషి బొమ్మ వేయడమంటే చూపు పట్టుకోవడమేనని అతని నమ్మకం. చదువుకునే రోజుల్లో ఒక మ్యూజియంలో ముసలావిడ బొమ్మ చూశాడు. ఎటు జరిగినా ఆవిడ కళ్ళు వెంటే వచ్చాయి. కాపలా మనిషి వచ్చి తలుపులు మూస్తున్నామంటే గానీ అతను అక్కణ్ణుంచి కదల్లేదు. ప్రిన్సిపాల్ గారు కూర్చున్నన్నాళ్ళూ ఒక్కసారీ నవ్వలేదు కాబట్టి ఆ కళ్ళు బ్రహ్మాండంగా కుదిరాయి. ఆ బొమ్మ ముందు టీ తాగాలంటే అతనికే మొహమాటంగా ఉండేది.

బొమ్మను మేడ మీద నీడలో నిలబెట్టి, ఫ్రేము తేవడానికి బజారుకు వెళ్ళాడు.

మేడ మీద కుండీల్లో అతని భార్య టమాటాలు పెంచుతోంది. కాయ ఎర్రబడటం ఆలస్యం, గోరింకలు దిగి పొడిచేస్తున్నాయి. ఆ రోజు ఆమె నీళ్ళు పోయడానికి వెళ్ళేసరికి అవన్నీ పిట్టగోడ మీద బుద్ధిగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగడం లేదు. ఆమె గోరింకల్ని చూసింది, బొమ్మను చూసింది. బొమ్మను మొక్కల మధ్యకు తెచ్చి, ఊతకర్రలకు తాడుతో కట్టేసి, హాయిగా స్నానానికి వెళ్ళిపోయింది.

కాసేపటికి పక్కింటావిడ వచ్చి తలుపు తట్టింది. చిత్రకారుడి తల్లి తీసింది. ఆవిడకు చూపు ఆనదు. కళ్ళజోడు పెట్టుకోవడం నామోషీ.

"మీ ఇంటికెవరో చుట్టాలొచ్చినట్టున్నారు పిన్నిగారూ. పొద్దుట్నుంచీ మేడెక్కి మా వంటింట్లోకే చూస్తున్నారు. కూరలో ఉప్పెక్కువేశానేమోనని నాకే అనుమానమొస్తోంది. కాస్త అటు తిరగమనండి."

చుట్టాలొచ్చిన సంగతి తనకెవరూ చెప్పనందుకు తల్లి నొచ్చుకుంది. అయినా కాఫీ కలుపుకుని మేడెక్కింది.

"మొక్కల్లో నుంచున్నావేంటమ్మా? కాఫీ తాగు."

జవాబు లేదు.

"పోనీ, ఎవరి తాలూకు?"

దానికీ లేదు. అంతసేపు బతిమాలే ఓపిక లేక, తల్లి ఆ కాఫీ తనే తాగేసి కిందికి దిగింది.

మధ్యాహ్నందాకా ఆగలేక, అసలు ప్రిన్సిపాల్ గారు అప్పుడే గుమ్మంలోకి వచ్చారు.

"నాకంటే ముందే దిగావా? ఇందాక మర్యాదగా పలకరిస్తే మొహం గంటుపెట్టుకున్నావుగా!" అంది తల్లి.

"అయినా ఇంకొకళ్ళ వంటిళ్ళతో మీకేం పనండీ?" అంది ఇంకా అక్కడే ఉన్న పక్కింటావిడ.

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆవిణ్ణి సంజాయిషీ అడిగినవాళ్ళు లేరు. "నేనిప్పుడే వచ్చానండీ" అని ఆవిడ నసుగుతుండగా, ఫ్రేము చంకన పెట్టుకుని చిత్రకారుడు వచ్చాడు. తల తుడుచుకుంటూ భార్య వచ్చింది.

"మేడ మీదున్నది బొమ్మ అత్తయ్యా!"

"మొక్కల్లో ఎందుకుంది?" అన్నాడు చిత్రకారుడు.

"దాన్ని చూసి పిట్టలు భయపడుతున్నాయని..." మాట సగంలో ఉండగా గుమ్మంలో ఉన్నదెవరో ఆమెకు అర్థమైంది.

ప్రిన్సిపాల్ గారు మారు మాట్లాడకుండా మెట్లెక్కారు. వెనకే అందరూ ఎక్కారు. ఆవిడ బొమ్మను చూశారు, తాడును చూశారు, పిట్టగోడ మీది గోరింకల్ని చూశారు. చిత్రకారుడు చంకలోని ఫ్రేము కింద పెట్టేశాడు. తన బొమ్మ ఇక కాలేజీ గడప తొక్కదని తేలిపోయింది.

"వీటికి కూడానా?" అన్నారావిడ. ఆ వెంటనే నవ్వడం మొదలుపెట్టారు. కుండీ అంచు పట్టుకుని, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వారు.

చిత్రకారుడికి సిగ్గేసింది. ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇన్నాళ్ళూ తను సగం మనిషినే చూశాడు.

"ఇంకొన్నాళ్ళు కూర్చుంటారా అండీ? మళ్ళీ వేస్తాను."

"మీ అమ్మగారు పక్కన కూర్చుని తిడుతుంటే వస్తాను" అన్నారావిడ.

కొత్త బొమ్మలో ఆవిడ నవ్వుతున్నారు. అంత మంచి బొమ్మ అతను ఎన్నడూ వేయలేదు. కాలేజీ హాల్లో తెర తీశారు. ఆవిడ కింద ఏళ్ళతరబడి పనిచేసిన లెక్చరర్లంతా తేరిపార చూసి, "చాలా బావుందండీ. ఎవరావిడ?" అని అడిగారు. పాతదొకటి ఉందని తెలిసి, దానికోసం మర్నాడే మనిషిని పంపారు.

టమాటా కాపు అయ్యాక రమ్మని చిత్రకారుడి భార్య తలుపేసుకుంది.