పదకొండు గడియారాలు, రెండు మోకాళ్ళు

జనవరి ఒకటో తారీకు నుంచి మా మండల కార్యాలయంలో ఊబకాయం రద్దు చేయబడినదని ప్రజలకు తెలియజేయుటకు సంతోషించుచున్నాము. రక్తపోటును కూడా అదే ఉత్తర్వులో, రెండో పేరాలో రద్దు చేశారు. మధుమేహం విషయం పరిశీలనలో ఉంది.

ఏ మండలమని అడగకండి. బేస్తవారిపేటకూ గిద్దలూరుకూ నడుమ ఎక్కడో ఉందనుకోండి. ఆఫీసులో పదకొండు మందిమి. టైపు కొట్టేది నేను. ఈ కథలో నాకు పెద్ద వేషం లేదు. కానీ పదకొండో గడియారం నాదే కాబట్టి దాచడం దేనికని ముందే చెప్పేస్తున్నాను.

ఉత్తర్వుతో పాటే అట్టపెట్టెలో పదకొండు గడియారాలు వచ్చాయి. అవి టైము చూసుకోవడానికి కావు. చేతికి కట్టుకుంటే ఎన్ని అడుగులు వేశామో, గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో, ఏ దారిన తిరిగామో అన్నీ పై ఆఫీసుకు చెప్పేస్తాయి. రోజుకు పదివేల అడుగులు తప్పనిసరి. తగ్గితే మూడు రోజుల్లో రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి. సంజాయిషీ రాయాలంటే కూర్చోవాలి కాబట్టి అడుగులు ఇంకా తగ్గుతాయి. దాన్ని గురించి ఉత్తర్వులో ఏమీ లేదు.

అడుగులతో పాటు నవ్వు కూడా పెట్టారు. రోజూ పదిన్నరకు పదకొండు మందిమీ వరండాలో నిలబడి ఐదు నిమిషాలు నవ్వాలి. ఫోను మా మొహాలు చూసి హాజరు వేసుకుంటుంది. పళ్ళు కనబడకపోతే సగం రోజు సెలవు కింద రాసుకుంటుంది. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఒక్కసారి కూడా నవ్వని మా మండలాధికారి కరుణాకరం గారు మొదటి వారమంతా సగం జీతానికే పనిచేశారు. సోమవారాలు అర్జీలు పట్టుకొని మెట్ల మీద నిలబడే జనం మమ్మల్ని చూసి, తమ అర్జీలు చదివే నవ్వుతున్నామని అనుకున్నారు. అలా అనుకోవడంలో పెద్ద తప్పేమీ లేదు.

నవ్వు కుదిరింది గానీ నడక కుదరలేదు. మాది కూర్చునే ఉద్యోగం. కూర్చోవడంలో మాకున్న అనుభవం మండలంలో ఇంకెవరికీ లేదు. సూపరింటెండెంటు ధనుంజయ గారు కుర్చీలోంచి లేవాలంటే ముందు రోజు నుంచి ఆలోచిస్తారు. ఆయన తన గడియారాన్ని సీలింగు ఫ్యాను రెక్కకు కట్టించారు. మధ్యాహ్నానికి నాలుగు లక్షల అడుగులు నడిచి జిల్లాలో అందరినీ దాటేశారు. అయితే నాడి మాత్రం సున్నా. “మీ గుండె ఆగినట్టున్నది. దయచేసి కొంచెం నీళ్ళు తాగండి” అని ఫోనుకు సందేశం వచ్చింది. ఆయన తాగారు.

ఫ్యానుకు నాడి లేదు కాబట్టి నాడి ఉన్నదాన్ని వెతకాలి. గుమాస్తా సునీత గారు తన గడియారాన్ని ఆఫీసు వెనక మేకలు కాసే మాలకొండయ్య మేకపోతు కాలికి కట్టారు. పది రోజులు సునీత గారు కొండలెక్కారు, చేలల్లో పడ్డారు, ఒకసారి తుమ్మచెట్టు కూడా ఎక్కారు. పై ఆఫీసు వాళ్ళు మెచ్చుకున్నారు. పదకొండో రోజు ఆదివారం. ఆ ఉదయం ఏడింటికి బేస్తవారిపేట మాంసం కొట్టు దగ్గర సునీత గారి గుండె ఆగిపోయింది. సోమవారం ఆమె ఆఫీసుకు వస్తే అందరం లేచి నిలబడ్డాం. ఆ నెలలో మేము చేసిన వ్యాయామం అదే.

ఇక నాడి ఉండాలి, నడక ఉండాలి, ఆదివారం కోసేవాళ్ళు ఉండకూడదు. ఈ మూడు అర్హతలూ ఉన్న మనిషి రోజూ పదింటికి వచ్చి మా గదులు ఊడ్చి వెళ్తోందని ధనుంజయ గారికి ఒక పొద్దున తట్టింది. చీపురు కింద తన కాళ్ళు ఎత్తి పెట్టుకున్నప్పుడు తట్టిందట.

ఆమె పేరు వెంకాయమ్మ. వయసు యాభై ఎనిమిది. ఆఫీసుకు అర మైలు దూరంలో ఉన్న కొత్తపాలెం ఆమె ఊరు. అక్కడ బోరు ఉంది, కానీ అందులో వచ్చేది ఫ్లోరైడు. ఆ నీళ్ళు తాగితే పళ్ళు గారపడతాయి, కీళ్ళు బిగుసుకుంటాయి. మంచినీళ్ళకు మామిడితోట బాయికి పోవాలి. పోనూ రానూ మూడు కిలోమీటర్లు. నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె. రోజుకు ఐదు తిరుగుళ్ళు. కొడుకూ కోడలూ మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్ళారు. ఇంట్లో ఉన్నది మనవరాలు షారోన్ ఒక్కతే. గిద్దలూరులో ఇంటర్ మొదటి ఏడాది, ఏడూ నలభైకి బస్సు. ఆ పిల్ల బిందె ఎత్తితే బస్సు పోతుంది. బస్సు పోకూడదనే వెంకాయమ్మ ఐదు తిరుగుళ్ళూ తానే తిరుగుతుంది. కొత్తపాలేనికి కొళాయి వేయించమని ఆరు సోమవారాలు ఆరు అర్జీలు ఇచ్చింది. ఆరో అర్జీ ఇచ్చేసరికి ఆమె కుడి మోకాలు వంగడం మానేసింది.

ధనుంజయ గారు ఆమెను కుర్చీలో కూర్చోమన్నారు. ముప్పై ఏళ్ళలో ఆ కుర్చీలో కూర్చోమన్నది ఆమెను ఒక్కదాన్నే. ఆమె కూర్చోలేదు.

“ఏం లేదు వెంకాయమ్మక్కా, ఈ గడియారాలు నీ చేతికి కట్టుకోని మామూలుగా నీళ్ళకు పోయిరా. అంతే.”

“పదకొండూ నాకేంటికి సారూ? నాకు టైమే తెలవదు.”

“టైము మేము చూసుకుంటాంలే. నువ్వు నడువు.”

వెంకాయమ్మ “నడుస్తా గానీ, మా పాలెం కొళాయి ఏపిస్తావా?” అంది.

“ఏపిస్తా.”

“దేవుని తోడు?”

“మీ దేవుడా మా దేవుడా?”

“ఎవురైతే ఏంది, నీళ్ళిచ్చే దేవుడు” అని రెండు చేతులూ చాపింది. ఎడమ చేతికి ఐదు, కుడి చేతికి ఆరు, మోచేతి దాకా కట్టాం. నా గడియారం నేనే కట్టాను. పట్టీ ఆఖరి చిల్లుకు పెట్టినా ఆ చేతికి వదులైంది.

నెల తిరక్కుండా మా ఆఫీసు మొదటి స్థానానికి వచ్చింది. పదకొండు మందిమీ ఒకే రోజు సరిగ్గా ఇరవైనాలుగువేల నూటపన్నెండు అడుగులు నడిచాం. ఒకే క్షణంలో బయల్దేరి ఒకే క్షణంలో ఆగాం. పై ఆఫీసు దీనికి జట్టు స్ఫూర్తి అని పేరు పెట్టి మిగతా మండలాలకు పాఠం కింద పంపింది. ఆదివారం వెంకాయమ్మ చర్చిలో కూర్చుంటే పదకొండు మంది అధికారులూ మూడు గంటలు కదలకుండా ధ్యానం చేశారని రాశారు. మార్చిలో ఆమెకు జ్వరం వచ్చింది. పదకొండు మందికీ నూటరెండు డిగ్రీలు చూపింది. మధ్యాహ్నానికి అంబులెన్సులో ఇద్దరు డాక్టర్లు దిగి, వైద్య శిబిరం పెట్టి, మాకు తలా ఒక సూది, బలానికి గోలీలు ఇచ్చారు. వెంకాయమ్మ వరండాలో గోడకు ఆనుకొని కూర్చొని, “అయ్యా, నాక్కూడా ఒక గోలీ” అంది. శిబిరం సిబ్బందికి మాత్రమేనని ఆమెకు మర్యాదగా చెప్పాం. నాకిచ్చిన గోలీల్లో రెండు ఆమె చేతిలో పెట్టాను. పెద్ద ఉపకారం చేసినట్టు ఆ రాత్రి బాగా నిద్రపోయాను కూడా.

ఏప్రిల్‌లో ఒక దారుణం జరిగింది. కొత్తపాలేనికి కొళాయి మంజూరైంది. ఎక్కడ ఏ పొరపాటు జరిగిందో గానీ ఆరు అర్జీల్లో ఒకదాన్ని పైన ఎవరో చదివారు. గొట్టాలు లారీలో వచ్చి మా ఆఫీసు వెనక దిగాయి. వెంకాయమ్మ పోయి వాటిని ఒక్కొక్కటిగా చేత్తో తడిమి చూసుకుంది. సాయంత్రం షారోన్‌ను కూడా తీసుకొచ్చి చూపించింది.

కంప్యూటరు దగ్గర కూర్చునే పవన్ కుమార్ ఒక్కడికే ప్రమాదం అర్థమైంది. “సార్, కొళాయి వస్తే ఆమె నడవదు. ఆమె నడవకపోతే మనం నడవం” అన్నాడు. వెంటనే అత్యవసర సమావేశం పెట్టారు. కరుణాకరం గారు నిలబడి మాట్లాడారు. ఆ రోజు ఆయన అడుగులు అవే.

“మిత్రులారా! కొళాయి అంటే ఏమిటి? ఇంటి ముందరికి నడిచొచ్చిన సోమరితనం! మన తల్లులు నడిచినారు. మన అవ్వలు నడిచినారు. వాళ్ళకు షుగరు ఉండెనా? బీపీ ఉండెనా? ఈ పొద్దు గొట్టం ఏస్తాం, రేపు మోకాలు పట్టేస్తది. ప్రజల ఆరోగ్యాన్ని ఒక ఇనుప గొట్టానికి బలి ఇయ్యడానికి నా మనస్సాక్షి ఒప్పుకోదు!”

చప్పట్లు కొట్టాం. గడియారం కట్టుకొని చప్పట్లు కొట్టినా అడుగులు పడతాయని పవన్ కుమార్ చెప్పాడు గానీ అవి మా చేతులకు లేవు. ‘ఆరోగ్య ప్రభావ అధ్యయనం పూర్తి అగువరకు కొళాయి పనులు నిలుపుదల చేయడమైనది’ అని తీర్మానం రాశారు. టైపు చేసింది నేనే. రెండు అక్షర దోషాలు వస్తే దిద్దాను. దిద్దవలసింది అంతకుమించి ఉందని నాకు తెలుసు. తెలిసే సంతకానికి పంపాను.

మే నెలలో అవార్డు ఇవ్వడానికి పై అధికారి స్వయంగా వచ్చారు. సన్నగా, చలాకీగా ఉన్నారు. దండలు వేయించుకోలేదు. “మీ దారి పటం చూశాను. రోజూ ఐదుసార్లు కొత్తపాలెం నుంచి తోట బాయికి నడుస్తున్నారు. ఈ రోజు మీతో పాటు నేనూ నడుస్తాను” అన్నారు. ధనుంజయ గారు మెట్లు దిగేటప్పటికే నోటితో గాలి పీల్చారు. ఫర్లాంగు దాటేసరికి ముగ్గురు గట్టు మీద కూలబడ్డారు. కరుణాకరం గారు మాత్రం నవ్వుతున్నట్టు పళ్ళు బిగించి నడిచారు.

ఎదురుగా వెంకాయమ్మ వస్తోంది. నెత్తిన బిందె, చంకన బిందె, కుడి కాలు ఈడుస్తోంది. పదకొండు గడియారాలు ఎండకు మెరుస్తున్నాయి. పై అధికారి ఆగారు. మేమందరం ఆగాం. నా గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టే గడియారం ఆమె చేతికి ఉండిపోయింది.

“ఇవి ఎవరివమ్మా?”

“ఈ సార్లవి నాయనా. కాళ్ళు మాత్రం నాయి. కొళాయి ఏపిస్తానంటే కట్టుకున్నా. గొట్టాలొచ్చినాయి, కొళాయి రాల్యా. మోకాలు పోయింది. ఇంగ రెండు దినాలు నడుస్తానో మూడు దినాలు నడుస్తానో. నేను పడితే నా మనమరాలు కాలేజీ ఇడిసిపెట్టి బిందె ఎత్తుకోవాల. నాకు గడియారం వద్దు, కొళాయి ఏపియ్యి నాయనా.”

అంత సూటిగా మా ఆఫీసులో ఎవరూ ఎన్నడూ మాట్లాడలేదు. పై అధికారి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మా ఉద్యోగాలు పోయాయనే అనుకున్నాం. పోతే బాగుండునని ఒక్క క్షణం నాకు అనిపించింది. ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేసి, ఫొటోగ్రాఫరు వైపు తిరిగి, “ఈ వయసులో ఈ నడక! అసలైన విజేత ఈ తల్లి!” అన్నారు.

తరవాతి పనులు చకచకా జరిగాయి. మా పదకొండు గడియారాలూ తీసేసి వెంకాయమ్మకు సొంతంగా ఒక కొత్త గడియారం కట్టారు. ఫోటో తీశారు. కొత్తపాలెం నుంచి బాయి దాకా ఉన్న మట్టిదారిని ‘ఆదర్శ ఆరోగ్య బాట’గా ప్రకటించారు. ఇటుకలు పరిచారు, రంగు దీపాలు పెట్టారు. బాట కింద గొట్టాలు వేస్తే ఇటుకలు లేస్తాయి కాబట్టి కొళాయి రద్దయింది. వచ్చిన గొట్టాలు వృథా కాకుండా కోసి, రంగు వేసి, బాట పక్కన వ్యాయామం చేసుకునే కడ్డీలుగా నాటారు. ఇప్పుడు మార్కాపురం నుంచి, గిద్దలూరు నుంచి కార్లలో వచ్చి నడుస్తున్నారు. చేతిలో నీళ్ళ సీసా ఉంటుంది. బిందెల ఆడవాళ్ళు ఒక పక్కగా నడవాలని బోర్డు పెట్టాం. అది కూడా నేనే టైపు చేశాను.

మేమంటారా, మాకు హెచ్చరిక మెమో ఇచ్చారు. అది కూర్చొని చదువుకున్నాం.

మొన్న ఆగస్టులో ఆ కొత్త గడియారం ఒక అద్భుతాన్ని కనిపెట్టింది. వెంకాయమ్మ శరీరం వయసు యాభై ఎనిమిది నుంచి పదిహేడుకు పడిపోయిందట. గుండె కుర్రగుండె, అడుగు పొడుగైంది, ఐదు తిరుగుళ్ళూ గంట ముందే ముగుస్తున్నాయి. ‘నడకతో నలభై ఒక్క ఏళ్ళు తగ్గిన పల్లె మహిళ’ అని పై ఆఫీసు ఆమె పాత ఫోటోతో అందరి ఫోన్లకూ పంపింది. మీకూ వచ్చే ఉంటుంది. ‘మన పెద్దవాళ్ళ ఓపికే వేరు’ అని రాసి నలుగురికి పంపింది మీరే కదా. నేనూ చప్పట్ల బొమ్మ ఒకటి పెట్టాను.

వెంకాయమ్మ జూన్ నుంచి మంచం దిగడం లేదు. గడియారం షారోన్ చేతికి ఉంది. పట్టీ ఇంకో చిల్లు పొడిచి కట్టుకుంది. ఏడూ నలభై బస్సు రోజూ వస్తుంది, కొత్తపాలెం దగ్గర అలవాటు కొద్దీ ఒక నిమిషం ఆగుతుంది, పోతుంది.