ఎర్రకలం, పాలపుంత, మధ్యలో సూర్యుడు

న్యూజిలాండ్ దక్షిణపు కొసనున్న ఇన్వర్‌కార్గిల్‌లో జూన్ అంటే నడిచలికాలం, అప్పటి సూర్యుడికి పని మీద బొత్తిగా శ్రద్ధ ఉండదు. ఎనిమిదిన్నరకు ఒళ్ళు విరుచుకుంటూ వస్తాడు, అయిదు కొట్టగానే చక్కా పోతాడు, ఉన్న కాసేపూ మబ్బు చాటున గడిపేస్తాడు. మోరాగ్ మన్రో మాత్రం ఆ మంగళవారం ఆరింటికే లేచి వంటింటి బల్ల మీద కంప్యూటర్ తెరిచింది. పదింటిలోగా ఒక సమీక్ష ముగించాలి, తర్వాత గడ్డి మీద బంతులు దొర్లించే బౌల్స్ క్లబ్బు వాళ్ళకి చీజ్ రోల్స్ కాల్చాలి. అంతే ప్లాను.

సమీక్ష అంటే మరేం లేదు. ఇంటర్నెట్‌లో జనం జీతం భత్యం లేకుండా రాసే విజ్ఞాన సర్వస్వం ఒకటుంది. ఒకరు వ్యాసం రాస్తారు, మరొకరు దాన్ని వాక్యం వాక్యం తూర్పారబట్టి, నచ్చితే 'మంచి వ్యాసం' అని ముద్ర వేస్తారు. అందరికీ మారుపేర్లే. మోరాగ్ పేరు ఎర్రకలం. ఇప్పటికి నలభైతొమ్మిది సమీక్షలు చేసింది. యాభై పూర్తయితే తగాదాలు తీర్చే కమిటీలో సీటుకు నిలబడవచ్చు. నామినేషన్లకు ఆ సాయంత్రం అయిదు గంటలు ఆఖరు. ముప్ఫయ్యేళ్ళు కోర్టు గుమాస్తాగా ఇంకొకళ్ళ తీర్పులు టైపు కొట్టిన మనిషి, చచ్చేలోగా ఒక్క తీర్పయినా తను చెప్పాలని ఆవిడ పట్టుదల. ఇంట్లో ఎవరైనా అడిగితే క్లబ్బు ఉత్తరాలు రాస్తున్నానంటుంది.

యాభయ్యో వ్యాసం 'కథల్లో సూర్యుడు'. రాసినవాడు పాలపుంత అట. మూడో పేరాలో 'సూర్యుణ్ణి చంపడమంటే కథకులకు మహా సరదా' అని ఉంది. ఆధారం లేదు. మోరాగ్ కింద ఇలా రాసింది: "సరదా అని ఎవరన్నారు? సూర్యుడు వాంగ్మూలం ఇచ్చాడా?"

రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. "పన్నెండు కథలు ఉదహరించాను. పదకొండింట్లో సూర్యుడు చచ్చాడు, పన్నెండో దాంట్లో దొంగలెత్తుకుపోయారు. తమకు లెక్క రాకపోతే చెప్పండి."

"కథలు చదివి మీరు తేలిస్తే సరిపోదు. ఇంకెవరైనా పండితుడు అచ్చులో అనుండాలి. నిబంధన చదువుకోండి."

"పండితుడు చెబితే తప్ప చచ్చినవాణ్ణి చచ్చాడని ఒప్పుకోరా మీరు?"

మోరాగ్‌కి ఒళ్ళు మండిపోయింది. అప్పుడే అల్లుడు రెవి వంటింట్లోకి వచ్చాడు. పాల ట్యాంకర్ నడుపుతాడు. తెల్లవారుజామునే డ్యూటీ దిగి, లైసెన్సు పరీక్షకు చదువుకోవాలంటూ గరాజ్‌లో కూర్చుంటాడు. రెండు వారాలుండి పోతామని పెళ్ళాంతో సహా వచ్చి రెండేళ్ళయింది. అత్తా అల్లుళ్ళ మధ్య ఇంతవరకూ ఒక్క మాట తేడా రాలేదు. ఒకరంటే ఒకరికి అంత హడలు.

"టీ పెట్టనా అత్తగారూ?"

"నీకెందుకు బాబూ శ్రమ, నేను పెడతాగా. ఏంటలా ఉన్నావు?"

"ఏం లేదండీ. పని దగ్గర ఒక మొండిఘటం. తెల్లనిది తెల్లనంటే ఎవరన్నారంటాడు."

"నాకూ అలాంటివాడే తగిలాడు, క్లబ్బులో. నోరా అది, మురిక్కాలవా!"

"మెత్తగా చెబితే ఎక్కదండీ అలాంటోళ్ళకి. మొత్తం కొట్టిపారెయ్యండి."

"అవును బాబూ. నువ్వూ తగ్గకు. పైవాళ్ళకి ఫిర్యాదు పెట్టు."

"పైగా పెద్ద కుర్చీకి పోటీ చేస్తాడట అత్తగారూ ఆ మహానుభావుడు!"

"అయితే నువ్వూ నిలబడు. అలాంటోళ్ళని కుర్చీ ఎక్కిస్తే ఇంకేమన్నా ఉందా?"

ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. రెవి తన కప్పు పట్టుకుని గరాజ్‌కి వెళ్ళాడు. మోరాగ్ వ్యాసాన్ని నిలువునా ఫెయిల్ చేసి, యాభై పూర్తయిందని నామినేషన్ వేసేసింది. చీజ్ రోల్స్ ఓవెన్‌లో పెట్టి వెనక్కి తిరిగేసరికి తెర మీద ఎర్రటి నోటీసు. గుడ్లగూబ అనే నిర్వాహకురాలు పెట్టింది.

'అందిన ఫిర్యాదు మీద విచారించాం. ఎర్రకలం, పాలపుంత ఒకే ఇంటి కనెక్షన్ నుంచి రాస్తున్నారు. ఒకే మనిషి రెండు వేషాలు కట్టి, తన్ను తానే తిట్టుకుంటున్నట్టు తేలింది. రెండు ఖాతాలూ మూసేశాం.'

"ఆ దరిద్రమూ నేనూ ఒకటా?" అని మోరాగ్ అరిచింది.

"ఆ దరిద్రమూ నేనూ ఒకటా?" అని గరాజ్‌లోంచి ఇంకో అరుపు వినపడింది.

గరాజ్ తలుపు మెల్లగా తెరుచుకుంది.

"పాలపుంతవా నువ్వు?"

"ఎర్రకలం మీరా?"

రెండేళ్ళ మర్యాద రెండు నిమిషాల్లో బుగ్గి అయింది. మురిక్కాలవ అన్నారని అతను, లెక్క రాదన్నావని ఈవిడ. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసొచ్చి నిద్రపోతున్న కూతురు షోనా పొగ వాసనకు లేచొచ్చింది. ముందు ఓవెన్ ఆపింది, తర్వాత సంగతి విని కాసేపు గోడకి ఆనుకుని నవ్వింది. తల్లి మొహం చూశాక నవ్వు ఆగిపోయింది. మోరాగ్ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"అయిదింటిలోగా తేలకపోతే నా సీటు పోతుందే!"

గుడ్లగూబ ఆస్ట్రేలియాలో, పెర్త్‌లో ఉంటుంది. షోనా బతిమాలి బతిమాలి ఆవిణ్ణి నాలుగున్నరకు వీడియోలోకి రప్పించింది. అత్తా అల్లుళ్ళు ఇద్దరూ ఒకే కుర్చీకి చెరో అంచునా కూర్చున్నారు.

"మీరిద్దరూ వేరు వేరని రుజువేంటి?" అంది గుడ్లగూబ.

"సరదా అన్న మాట తీసేయించండి ముందు!" అంది మోరాగ్.

"ప్రాణం పోయినా తియ్యను!" అన్నాడు రెవి.

అరగంట తర్వాత, సరిగ్గా అయిదింటికి, గుడ్లగూబ రెండు చేతులూ ఎత్తింది. "చాలు తల్లీ! ఇద్దరేనని నమ్మాను. ఖాతాలు తెరిచేస్తున్నా. కానీ సొంతవాళ్ళ వ్యాసం సమీక్షించకూడదుగా? యాభయ్యోది చెల్లదు. మీ లెక్క మళ్ళీ నలభైతొమ్మిది. నామినేషన్ కొట్టేశాను."

"పోనీ, సీటు ఖాళీగానన్నా ఉంటుందిగా! ఇంకోసారి నిలబడతా," అంది మోరాగ్.

"ఖాళీ ఎక్కడమ్మా? ఇంకో నామినేషన్ ఉంది. పోటీ లేదు కాబట్టి ఏకగ్రీవం. అభినందనలు, పాలపుంత గారూ."

మోరాగ్ అల్లుడి వైపు తిరిగింది. "నీకు యాభై ఉన్నాయా?"

"డెబ్బై రెండండీ," అన్నాడు రెవి నేల చూపులు చూస్తూ. "నిలబడమని మీరేగా అన్నారు, అత్తగారూ."

కొత్త సభ్యుడి మీద కమిటీకి మొదటి ఫిర్యాదు అయిదుంపావుకి అందింది, వంటింట్లోంచి.