నిద్రలో వచ్చిన రేకు

ఆ ఉదయం రత్నమాణిక్యం గారి పథకం చాలా చిన్నది. సాయంత్రం బస్సుకి భీమవరం పెళ్ళివారికి సారెలోకి పూతరేకులు పంపాలి. ఆత్రేయపురంలో ఆవిడ రేకు అంటే, దాని వెనక పేపరు పెట్టి చదువుకోవచ్చని పేరు. కానీ ముందురోజే కాగుతున్న నెయ్యి ఒలికి కుడిచెయ్యి కాలింది. ఇక దిక్కు కొత్తకోడలు వెంకటదుర్గ. మాట తప్పితే ఆ పెళ్ళివారికి మళ్ళీ ముఖం చూపించలేరు.

బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి పిండిలో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు రావాలి. వెంకటదుర్గ లాగితే ముక్కలొచ్చాయి. మధ్యాహ్నం దాకా ముక్కలే. మణికట్టు బిగబట్టకు, వదులు చెయ్యి అని చెప్పీ చెప్పీ అలసిపోయి, అత్తగారు రేకులు తీసేవాళ్ళెవరైనా దొరుకుతారేమోనని ఊళ్ళోకి బయల్దేరారు. కోడలు కళ్ళు తుడుచుకుని వసారాలో గోడకి చేరబడి, అలాగే కునుకు తీసింది. పక్కనే చాప మీద మొగుడు అచ్చిబాబు గుర్రు పెడుతున్నాడు. మండలాఫీసు గుమాస్తా. ఆఫీసులోకి కొత్తగా కంప్యూటరు దిగిన దగ్గర్నుంచీ అతనికి ఇంట్లోనే ప్రశాంతంగా ఉంటోంది.

కాసేపటికి పొట్ట మీద చల్లగా తగిలి అచ్చిబాబు లేచాడు. చూస్తే, భార్య కళ్ళు మూసుకునే ఉంది. పైటచెంగు మంచినీళ్ళ చెంబులో ముంచుతోంది. అతని బొజ్జ మీద ఒక్క లాగు లాగుతోంది. కనపడనిదేదో వేళ్ళతో ఎత్తి పక్కన పెడుతోంది. పిలిస్తే పలకదు. హడలిపోయి పక్కింటి అప్పాయమ్మ గారిని కేకేశాడు.

అప్పాయమ్మ గారు చూస్తూనే చెంపలేసుకున్నారు. పూనకమేనని, అమ్మవారు కష్టాలు తుడిచేస్తోందని తేల్చేశారు. తేల్చి ఊరుకున్నారా? అచ్చిబాబును అవతలికి జరిపి, తన నొప్పి మోకాలు ఆ చేతికింద పెట్టారు. చెయ్యి దాని మీదా అంతే నున్నగా లాగింది. నొప్పి పోయిందని ఆవిడ వీధంతా చెప్పేసరికి పసుపునీళ్ళు, కర్పూరం, వేపమండలు వచ్చేశాయి. గుమ్మం దాకా వరస. భీమరాజు గారైతే చూలు నిలవని గేదెను కూడా తోలుకొచ్చారు.

ఎవరూ దొరక్క తిరిగొచ్చిన రత్నమాణిక్యం గారు జనాన్ని చూసి కంగారుపడ్డారు. తోసుకుంటూ లోపలికొచ్చి, కోడలి ముందు చతికిలబడిపోయారు. సాష్టాంగపడతారేమోనని అందరూ జరిగారు. ఆవిడ చూపు మాత్రం మణికట్టు మీదే ఉంది. పొద్దున కొయ్యలా బిగుసుకున్న మణికట్టే. కొత్తకోడలిగా వచ్చి తాను ఏళ్ళ తరబడి ఏడ్చి సంపాదించిన వంపు ఇప్పుడు అందులో ఉంది.

"అమ్మవారూ కాదు, ఏమీ కాదండి," అన్నారు మెల్లగా. "మనం పడుకున్నా లోపలెవరో మేలుకుని పనిచేసుకుంటారు కాబోలు. లేపకండి. నేర్చుకుంటోంది."

ఒక్కరూ కదల్లేదు. గేదె కూడా.

వెంకటదుర్గ తనంతట తనే లేచి, ఇంతమందిని చూసి సిగ్గుతో చచ్చిపోయి, పొయ్యి దగ్గరికి పారిపోయింది. గుడ్డ ముంచింది. లాగింది. రేకు చిరగకుండా చేతిలోకి లేచింది. ఎండలోకి ఎత్తితే దాని అవతల అత్తగారి ముఖం, కళ్ళల్లో నీళ్ళతో సహా కనిపించింది. సాయంత్రం బస్సుకి బుట్టలు వెళ్ళాయి.

మర్నాడు కంప్యూటరు నేర్చుకోమని ఆఫీసరు గట్టిగా చెబితే, అచ్చిబాబు దాని ముందు కూర్చుని, ఎంతో శ్రద్ధగా కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు.