ఒట్టి చేతులతో వచ్చిన సురేందర్

ఆ ఉదయం దీప వేసుకున్న పథకం చాలా మామూలుది. కోచింగ్‌కని ఇంట్లో చెప్పి, కోరుట్లలో బస్సెక్కి, సిరిసిల్లలో మరమగ్గంలా మారి దాక్కున్న చందమామల దొంగను పట్టుకుని, అన్నం వేళకు ఇల్లు చేరాలి. ఇంటర్ చదువుతూనే వేరే గ్రహాల నేరగాళ్లను వేటాడే పిల్ల కాబట్టి సంచిలో పుస్తకాల పక్కన ఓ స్టీలు డబ్బా ఉంది. చూడటానికి టిఫిన్ డబ్బా, నిజానికి జైలు. చిక్కల్లా ఒకటే. దొంగ తనంతట తాను లొంగిపోతానంటే తప్ప దాని మూత తెరుచుకోదు.

చెప్పులేసుకుంటుంటే గుమ్మంలో చిన్నాన్న సురేందర్ ప్రత్యక్షమయ్యాడు. సాయంత్రం దుబాయి నుంచి రావలసిన మనిషి. నల్ల కళ్లద్దాలు, జోడించిన చేతులు.

"అచ్చినవా కొడుకా!" అని ఉరికిన నాయనమ్మ సాయవ్వ సగంలో ఆగిపోయింది. "సామానేదిరా?"

"లేదు," అన్నాడతను, దండం దించకుండా.

సాయవ్వ గోడ పట్టుకుంది. దుబాయి నుంచి ఒట్టి చేతులతో దిగడం కోరుట్ల చరిత్రలో లేదు.

దీపకు అర్థమైపోయింది. ఆ అద్దాలు, ఆ దండం వీధి మలుపులో కట్టిన స్వాగతం ఫ్లెక్సీలోవి. దొంగ సిరిసిల్లలో లేడు, ఫ్లెక్సీ చూసి రూపం మార్చుకుని ఇంట్లోకే వచ్చాడు. పొద్దుగూకేలోపు లొంగదీయకపోతే ఆ రూపం వాడికే ఖాయమైపోతుంది. అసలు సురేందర్ కన్నతల్లికి కూడా గుర్తుండడు.

"నాయినమ్మా, గీయన కాక కాదు! వేరే గ్రహపోడు!" అని అద్దాలు లాగేసింది. మూడు కళ్లు.

పక్కింటి నర్సక్క నోరు నొక్కుకుంది. "అయ్యో! ఎడారి ఎండల పనిజేసి కండ్లు ఎట్లయినయో సూడుండ్రి! సామాను గూడ తేలేదా పాపం?"

సాయవ్వకు పౌరుషం వచ్చింది. "ఎందుకు తేలేదు? ఎనుక లారీల అస్తున్నది."

ఆ మాటకు కాళ్లొచ్చాయి. మధ్యాహ్నానికల్లా వెల్గటూర్ నుంచి సాయవ్వ తమ్ముడు చంద్రయ్య ఆటో నిండా చుట్టాలతో దిగాడు.

"అల్లుడా, నా కంబలేది? మా రాకేశ్‌గాని వీసా ఏమాయె?"

సరే అంటే పోతారనుకుని దొంగ "సరే" అన్నాడు. వాళ్లు పోలేదు. మిగతావాళ్లను ఫోన్ చేసి పిలిచారు. నర్సక్కకు సెంటు, ఆమె కోడలికి బంగారు గొలుసు, ఆటోవాడికి కొత్త ఆటో, అన్నింటికీ సరే. వాకిట్లో చెప్పులు పెట్టే జాగా లేదు.

దొంగ పెరట్లోకి పరుగెత్తి, దీప ముందు ఈసారి మనస్ఫూర్తిగా దండం పెట్టాడు. "ఏడు గ్రహాల పోలీసులు తరిమినా నేనింత భయపడలేదు. లొంగిపోతున్నాను తల్లీ! డబ్బా ఎక్కడ?"

మూత తెరుచుకుంది. వాడు సర్రున లోపలికి దూరాడు. వెంటపడి వచ్చిన చుట్టాలంతా కొయ్యబారిపోయారు.

ముందుగా తేరుకున్నది చంద్రయ్య. "వాడెవడైతే మాకేంది? మాటిచ్చిన మొకం సురేందర్‌దే గదా!"

అప్పుడే అసలు సురేందర్ ఫోన్ చేశాడు, జగిత్యాల దాటుతున్నానని. దీప జరిగిందంతా చెప్పింది, గొలుసు, వీసా, ఆటోతో సహా. అవతల సురేందర్ గొంతు తగ్గించాడు.

"బిడ్డా, పొద్దుగూకలేదు గదా ఇంక?"

"లేదు కాక."

"జర వాణ్ని బయటికిడువరాదు? నా మొకం వాణ్నే ఉంచుకొమ్మను."

దీప మూత లాగి చూసింది. లోపలి నుంచి గడియ పెట్టి ఉంది.