బ్రంచ్ మాస్టారు

విజయనగరంలో ఓ హోటల్ బోర్డు మీద ‘బ్రంచ్’ అన్న మాట రాయించడానికి, టిఫిన్ మాస్టర్ పైడిరాజునీ భోజనాల మాస్టర్ సింహాచలాన్నీ మంగళవారం ఉదయం పదింటికి నడుముల దగ్గర కోసి, ఒక్కడిగా అతికించారు. రక్తం రాలేదు. దానికి వేరే అనుమతి కావాలి.

అక్కడి నియమం అలాంటిది. ఇంగ్లీషు మాట బోర్డెక్కాలంటే వ్యుత్పత్తి పత్రం ఉండాలి. అంటే ఆ మాట ఎలా పుట్టిందో పనివాళ్ల మీద చేసి చూపించాలి. బ్రేక్‌ఫాస్ట్‌లో ముందు ముక్క, లంచ్‌లో వెనక ముక్క కలిస్తే బ్రంచ్ అని బోర్డుల ఇన్‌స్పెక్టర్ ఫైల్లో రాశాడు. ఆ లెక్కన పైడిరాజు పైభాగం, సింహాచలం కిందిభాగం మంజూరయ్యాయి. పైడిరాజు సంతకం పెట్టాడు. సింహాచలం తరఫున కాలి బొటనవేలి ముద్ర తీసుకున్నారు.

పైడిరాజు కిందికి చూసుకున్నాడు.

“బావూ, మరి నా కాళ్లేవీ?”

“మిగులు కింద రాసేశాం. బ్రేక్‌ఫాస్ట్‌లో వెనక ముక్క ఏమైపోయిందని ఏ ఇంగ్లీషోడైనా అడిగాడా? నీకెందుకయ్యా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

సాయంత్రం పైడిరాజుకి అతికించిన కాళ్లు అలవాటు కొద్దీ సింహాచలం ఇంటికే నడిచాయి. అతని భార్య అప్పలనర్స గుమ్మంలో పాదాలు చూసి చెంబుతో నీళ్లు తెచ్చింది. తలెత్తి కెవ్వుమంది. పత్రం చూపించాక బొటనవేలి ముద్ర మొగుడిదేనని తేల్చుకుని, “అయితే కాళ్లు కడుక్కోండి,” అంది.

మర్నాడు పొద్దున్నే హోటల్ వెనక తలుపు ఎవరో కొట్టారు. పైడిరాజు తీశాడు. మిగిలిపోయిన ముక్కలు రెండూ వాటంతటవే అతుక్కుని వచ్చాయి. పైన సింహాచలం మొహం, కింద పైడిరాజు కాళ్లు. మోకాలి మీద నూనె పడి కాలిన మచ్చతో సహా తనవే.

“ఒరే పైడీ, ఏదో ఒక పని సూడరా. గిన్నెలు తోమమన్నా తోముతాను,” అన్నాడు సింహాచలం.

పైడిరాజు వెనకే వచ్చిన హోటల్ యజమాని హాజరు పుస్తకం తిరగేశాడు. “ఈ ముక్కలు కలిస్తే ఏ మాటా అవలేదు. మాట లేనోణ్ణి ఏ పేరుతో రాసుకోమంటావు?”

తన కాళ్లు తన ఎదురుగానే ఉన్నాయి. వాటి కోసమైనా ఓ పని అడగాలని పైడిరాజు నోరు తెరిచాడు. అంతలో పెనం మీద అట్టు మాడిన వాసన వచ్చింది. యజమాని అతనివైపు చూశాడు.

“తరవాత రా, అన్నా,” అంటూ పైడిరాజు తలుపు వేయబోయాడు. పడలేదు. సింహాచలం పాదం అడ్డం పడింది. అది తన నడుం కింద అతికించినదే. పైడిరాజు వంగి దాన్ని రెండు చేతులా లోపలికి లాక్కుని, గడియ పెట్టి, అట్టు తిరగేశాడు.